గజేంద్ర మోక్షం పాకెట్ పుస్తకం, 40 రూపాయలు: కొనొచ్చు, వెనక అట్ట మాత్రం చదవకండి

వరంగల్‌లో భద్రకాళి గుడికి వెళ్లే దారిలో పూజా సామాన్ల కొట్ల ముందు తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీసే చిన్న పుస్తకాలు చూసే ఉంటారు. హనుమాన్ చాలీసా, లలితా సహస్రనామం, వ్రత కథలు, వాటి మధ్య ఎక్కడో ఒక మూల ఈ గజేంద్ర మోక్షం. పోతన పద్యాలు, ప్రతిపదార్థం, తాత్పర్యం అన్నీ కలిపి 64 పేజీలు, ధర 40 రూపాయలు. తగ్గించమంటే దేవుడి పుస్తకానికి బేరమేంది సార్ అంటాడు కొట్టాయన, అదే మనిషి పండగ రోజు కొబ్బరికాయ ఎంతకి అమ్ముతాడో మనకు తెలుసు, సరే అది వేరే సంగతి. వేసినవాళ్ల పేరు నేను రాయట్లేదు, ఎందుకంటే కింద కొన్ని తిట్లున్నాయి. పైగా ఇలాంటి పుస్తకాలు నాలుగైదు రకాలు దొరుకుతాయి, ఏది కొనాలో చూసుకోవడం ఎలాగో చెప్తాను, అది చాలు.

ముందు పైపై సంగతులు. అట్ట మీద బొమ్మ మనందరం క్యాలెండర్లలో చూసిందే, ఏనుగు తొండంతో తామర పువ్వు ఎత్తి పట్టుకుంటే పైనుంచి గరుత్మంతుడి మీద శంఖచక్రాలతో విష్ణుమూర్తి దిగుతుంటాడు. పోతన పద్యంలో చూస్తే ఆయన బయల్దేరేటప్పుడు లక్ష్మీదేవికి చెప్పడు, శంఖచక్రాలు చేతికి తీసుకోడు, గరుత్మంతుణ్ని సిద్ధం చేయమనడు, ఉన్నపళంగా లేచి పరుగెత్తుతాడు. బొమ్మ వేసినాయన లోపలి పద్యం చదివినట్టు లేదు. అక్షరాలు బాగా పెద్దవి, పెద్దవాళ్లకి హాయి. కాగితం మాత్రం మరీ పల్చన, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి, ఎండాకాలం చెమట చేత్తో పట్టుకుంటే బొటనవేలికి సిరా అంటుతుంది. మధ్యలో రెండే పిన్నులు కొట్టారు, జేబులో నాలుగు రోజులు తిరిగితే నడిమి కాగితం ఊడి చేతికొస్తుంది.

అచ్చు తప్పులు ఉన్నాయి, దాచేదేం లేదు. అన్నిటికంటే ఘోరం ఏంటంటే, తెలుగు మీడియంలో చదువుకున్న ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చిన "లావొక్కింతయు లేదు" పద్యంలో రెండో పాదం "ఠావుల్ దప్పెను" అని మొదలవ్వాలి కదా, అక్కడ "రావుల్ దప్పెను" అని అచ్చేశారు. ఠ మధ్యలో చుక్క ఎగిరిపోయింది. మా వీధిలో ఒక రావు గారికి ఇది చూపిస్తే అరగంట నవ్వాడు. ప్రతిపదార్థంలో మాత్రం సరిగ్గానే ఉంది, అంటే డీటీపీ చేసినవాళ్లు చూసుకోలేదంతే. ముందుమాటలో రెండు పేజీలు పోతన మనవాడా ఒంటిమిట్టవాడా అన్న పాత తగాదాకే పోయాయి. బమ్మెర ఇక్కడే పాలకుర్తి మండలంలో ఉంది, జనగామ జిల్లా, వెళ్తే ఇది పోతన దున్నిన పొలం అని చూపిస్తారు, దాంతో మనకు చాలు. ఆ రెండు పేజీల్లో కథ నేపథ్యం రాసుంటే బాగుండేది, ఆ ఏనుగు పోయిన జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు అనీ అగస్త్యుడి శాపంతో ఏనుగైందనీ, మొసలి ఏమో హూహూ అనే గంధర్వుడనీ దేవలుడి శాపంతో అలా అయ్యాడనీ చివరి పేజీల్లో ఎక్కడో హడావుడిగా రెండు ముక్కల్లో తేల్చేశారు.

ఇంత తిట్టి కూడా కొనమని ఎందుకంటున్నానంటే, ఈ పుస్తకం ఏనుగు సందేహాన్ని కత్తిరించలేదు.

కొంచెం వివరంగా చెప్పాలి. నేను చూసిన మిగతా చిన్న పుస్తకాల్లో కథ ఎలా ఉంటుందంటే, ఏనుగు మడుగులో దిగింది, మొసలి పట్టింది, ఏనుగు "లావొక్కింతయు లేదు" అంది, స్వామి వచ్చాడు, చక్రం వేశాడు, మంగళం. పది పద్యాలు, అయిపోయింది. చదివితే ఏమనిపిస్తుంది, భక్తి ఉన్నవాడు పిలవగానే దేవుడు వచ్చేస్తాడు, నాకు రాలేదంటే నా భక్తిలోనే ఏదో తేడా ఉంది అనిపిస్తుంది. అసలే కష్టంలో ఉన్నవాడికి ఈ నేరం కూడా నెత్తిన వేయడం దేనికి? పోతన అలా రాయలేదు. ఆయన ఏనుగు వేయి సంవత్సరాలు పోరాడింది, రాత్రులు, సంధ్యలు, పగళ్లు అని మరీ చెప్పాడు. ఆ పోరాటంలో మొదట ఏనుగుకి దేవుడు గుర్తు రాలేదు కూడా. తన బలం మీద తనకు నమ్మకం ఉన్నంతకాలం అది తొండంతో కొడుతూనే ఉంది.

మధ్యలో ఒక పద్యం ఉంది, మామూలుగా ఎవరూ చదవరు. ఆడ ఏనుగులన్నీ ఒడ్డున నిలబడి చూస్తుంటాయి, మగణ్ని వదిలి పోదామంటే వాటికి కాళ్లు రావు, అలాగని దిగి చేసేదీ ఏం లేదు. ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లని చూసినవాళ్లకి ఈ పద్యం వేరే చెప్పక్కర్లేదు. దాని వెంటనే ఇంకొకటి, నీళ్లే మొసలికి ప్రాణాధారం కాబట్టి పోరు సాగేకొద్దీ దాని పట్టు పెరుగుతుంది, ఏనుగు ఏమో కృష్ణపక్షం చంద్రుడిలా రోజురోజుకీ తగ్గిపోతుంది. ఈ రెండూ ఈ పుస్తకంలో ఉన్నాయి, తాత్పర్యం కూడా బానే రాశారు.

అప్పుడు ఏనుగుకి భయం పట్టుకుంటుంది. అడవిలో అన్ని ఏనుగులు నన్ను గౌరవిస్తుంటే, లెక్కలేనన్ని ఆడ ఏనుగులకి మగణ్నై, చల్లగా గంధపు చెట్ల నీడన ఉండకుండా ఈ నీళ్లాశకి ఇక్కడికెందుకొచ్చాను, భయమేస్తోంది ఈశ్వరా అంటుంది. ఆ తర్వాత దేవుడు ఎవరో, ఎలా ఉంటాడో తనకు తెలిసినంత వరకు చెప్పుకుంటూ పోతుంది, ఆ చెప్పుకోవడంలోనే వస్తుంది అసలు మాట, దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, ఆ ఉన్నాడు ఉన్నాడనే వాడు "కలడో లేడో". ఇంతకంటే సూటిగా ఎవరడుగుతారు? భాగవతంలో, భక్తుడి నోట, దేవుడున్నాడా లేడా అని అనిపించి, దాన్ని పక్కన పెట్టకుండా కందపద్యంలో కట్టి మనందరి నోళ్లలో పెట్టాడు పోతన.

ఇక్కడితో ఆగినా చాలు, కానీ ఈ పుస్తకంలో ఇంకో పద్యం కూడా ఉంచారు, అందుకే నాకు గౌరవం. "లావొక్కింతయు లేదు" చెప్పాక, నువ్వు తప్ప నాకు ఇంకెవరూ తెలియదు రావయ్యా అని పూర్తిగా చేతులెత్తేశాక, పని అయిపోయింది కదా, ఇక రావాలి కదా. రాడు. ఏనుగు మళ్లీ అంటుంది, నువ్వు ప్రాణుల మాటలు వింటావట, పోలేని చోట్లకి కూడా పోతావట, శరణన్నవాళ్లు పిలిస్తే ఓ అంటావట, అన్నీ చూస్తావట, కానీ సందేహంగా ఉంది దయాసముద్రుడా అని. శరణాగతి తర్వాత కూడా సందేహం! అయినా పిలవడం ఆపదు, దాని తర్వాత పద్యంలో ఇంకోసారి పిలుస్తుంది. నా లెక్కలో దేవుడి మీద నమ్మకం అంటే ఇదే, సందేహం పూర్తిగా పోయిందా లేదా అన్నది ఏనుగు చూసుకోలేదు, సందేహంతోనే పిలిచింది. ప్రవచనాల్లో ఎంతమంది ఈ పద్యం మీద ఆగుతారో మీరే గమనించండి, "సిరికింజెప్పడు" దగ్గరికి పరుగెత్తడమే అందరి తొందర.

నాతో పనిచేసే ఆమెది కాజీపేట, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తుంది. టీ బ్రేక్‌లో ఈ పుస్తకం తిరగేసి, మా కీర్తనల గ్రంథంలో కూడా 13వ కీర్తన మొదలే ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ని నిలదీయడంతో ఉంటుంది, 88వది అయితే చివరి దాకా చీకటే, ఆదరణ మాట లేకుండానే ముగుస్తుంది అంది. అంటే ఏడ్చి అడగడం ఎక్కడైనా ఉందన్నమాట, తీసేసేది చిన్న పుస్తకాలు వేసేవాళ్లే.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే తాత్పర్యం రాసినాయన దీన్ని బాగా పట్టుకున్నాడు. ఏనుగు ప్రార్థనలో ఎవరి పేరూ ప్రత్యేకంగా పెట్టదు, ఎవడి వల్ల జగత్తు పుడుతుందో, ఎవడిలో ఉంటుందో, ఎవడిలో లయమవుతుందో వాడు అంటుంది. దాంతో బ్రహ్మ మొదలైనవాళ్లు విని కూడా ఊరుకున్నారట, మేం అంతటివాళ్లం కాదు అని. అంతటా ఉన్నవాడే ఇది నన్నే అని లేచాడు. ఎవరిని మొక్కాలో, ఏ గుడికి పోవాలో తెలియని పరిస్థితిలో కూడా పిలుపు పోతుందని నేను దీన్ని అర్థం చేసుకున్నా, పండితులు వేరేగా చెప్పొచ్చు.

ఇప్పుడు మా బావ సంగతి, ఎందుకంటే ఈ పుస్తకాన్ని నిజంగా వాడి చూసింది ఆయనే. నర్సంపేట దిక్కు, సొంతం రెండెకరాలు, కౌలు ఇంకో మూడు, మొత్తం మిర్చి. 2021లో ఆ నల్ల తామర పురుగు వచ్చినప్పుడు వరంగల్, ఖమ్మం దిక్కు మిర్చి రైతుల సంగతి ఏమైందో తెలిసినవాళ్లకి తెలుసు, పూతలో దూరి పూత పూతంతా రాల్చేసింది, ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు, ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి పెట్టినవాళ్లు చేను దున్నేసుకున్నారు. బావకి మందుల దుకాణంలో ఉద్దెర, బయట నూటికి మూడు రూపాయల మిత్తి. ఏనుమాముల మార్కెట్‌కి బస్తాలు తోలాల్సిన నెలల్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క ఆయన్ని ఒంటరిగా వదిలేది కాదు, పురుగుమందు డబ్బాలన్నీ పక్కింట్లో పెట్టించింది. పట్టుబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి కూడా తీసుకెళ్లింది, మందులు వాడాడు, అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నా. పుస్తకం నేను ఉద్ధరిద్దామని ఇవ్వలేదు, అమ్మ కోసం కొన్నది వాళ్లింట్లో టీవీ పక్కన పడి ఉంది, ఆయనే తీసి చూశాడు.

ఒకరోజు నేను పోతే, "బామ్మర్దీ, గీ మొసలి అచ్చం మిత్తి లెక్కనే ఉన్నదిరా, దినాలు గడిసినకొద్దీ దానికి బలం, మనకు నీరసం" అన్నాడు. కృష్ణపక్షం చంద్రుడి పద్యానికి ఇంత మంచి తాత్పర్యం ఏ పండితుడూ రాయలేదు, వచ్చే ముద్రణలో వేసుకోవచ్చు. తర్వాత కొంచెంసేపు ఆగి, "దేవుడున్నడా లేడా అని నేనంటే అత్త నా మీద లేచింది, పాపపు మాటలు అనకు అన్నది. గీయన పద్యంలనే రాసిపెట్టిండు గదరా" అన్నాడు. నవ్వాడు కూడా, చాలా రోజుల తర్వాత. అమ్మ పక్కనే ఉంది, ఏమీ అనలేదు, లోపలికి పోయి టీ పెట్టింది.

అప్పు తీరిందా అని అడిగేవాళ్లకి, తీరలేదు. కొంత బంధువుల దగ్గర సర్దారు, మందుల దుకాణం వాళ్లు కొంత గడువిచ్చారు, మరుసటేడు కౌలు తగ్గించుకుని సగంలో మక్క వేశాడు. పుస్తకం వల్ల ఏమైందని నేనొకసారి అడిగితే, "ఏమైతది, పొద్దుగాల సదువుకుంటే పొలానికి పోబుద్ధయితది" అన్నాడు, అంతే. 40 రూపాయలకి నాకైతే అది తక్కువ అనిపించలేదు.

ఇక వెనక అట్ట. అక్కడ ఎర్రక్షరాలతో, ఈ పుస్తకం 41 రోజులు నియమంగా పారాయణ చేస్తే సమస్త ఋణబాధలు తొలగును, కోర్టు వ్యవహారాలు గెలుచును, విదేశీ ప్రయాణం సిద్ధించును అని వేశారు. విదేశీ ప్రయాణం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. పోతన కూడా ఫలశ్రుతి చెప్పాడు, కాదనను, నియమంగా చదివేవాళ్లకి ఏనుగులు, గుర్రాలు, రథాలు, చివరికి మోక్షం ఇస్తాడని ఉంది, అందులో రోజుల లెక్క గానీ కిస్తీల మాట గానీ లేదు. లోపల ఏనుగు వేయేళ్లు ఆగితే అట్ట మీద 41 రోజులకి గ్యారంటీ ఇచ్చేశారు. 42వ రోజు పొద్దున అప్పులవాడు తలుపు కొడితే ఆ మనిషి ఎవర్ని నమ్మాలి? మామూలు మనిషికి ఇది నవ్వులాట, పీకల్లోతు కష్టంలో ఉన్నవాడికి ప్రమాదం. ఆ జాగాలో మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసే టెలి మానస్ నంబరు 14416 వేసుంటే వంద రెట్లు నయం, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. భక్తి పుస్తకం మీద హెల్ప్‌లైన్ నంబరేంటి అని మూతి విరిచేవాళ్లు ఉంటారు. ఇలాంటి పుస్తకం కొనేది ఎక్కువగా ఎలాంటి రోజుల్లో అనేది కొట్టాయన్ని అడిగి చూడండి.

అట్ట లోపలివైపు ఒక క్యూఆర్ కోడ్ కూడా ఉంది, పద్యాల ఆడియో అన్నారు. స్కాన్ చేస్తే వీడియో వస్తుంది, పాడినాయన గొంతు బాగుంది, పదాలు విరిచి నిదానంగా చదివాడు, పద్యం చదవడం రానివాళ్లు ఇది విని నేర్చుకోవచ్చు. కానీ సరిగ్గా "నీవే తప్ప" దగ్గర యాడ్ పడింది, ఏం యాడ్ అనుకున్నారు, 5 నిమిషాల్లో లోన్ ఇచ్చే యాప్. మొసలి ఫోన్‌లోకి కూడా వచ్చిందని బావ అన్నాడు. యాడ్లు ఎవరికి ఏవి పడతాయో పుస్తకం వేసినవాళ్ల చేతిలో ఉండదు, నిజమే, కానీ ఆడియో ఫైల్ నేరుగా ఇచ్చుంటే ఈ గోల ఉండేది కాదు.

ఇంతకంటే మంచిది కావాలంటే తితిదే వేసిన పోతన భాగవతం ఉంది, ప్రతి పద్యానికి అర్థంతో. అష్టమ స్కంధం ఉన్న సంపుటం చూసుకుని తెచ్చుకుంటే గజేంద్ర మోక్షంతో పాటు వామనుడి కథ కూడా అందులోనే వస్తుంది. కానీ అది ఇంట్లో బల్ల మీద పెట్టుకుని చదివే పుస్తకం, ఆస్పత్రికి, పొలానికి జేబులో పెట్టుకుపోయేది కాదు. జేబుకైతే ఇదే. 5కి 4 ఇస్తున్నా, తగ్గించిన ఆ ఒక్కటీ వెనక అట్టకే.

కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఒకటి, "కలడందురు" పద్యం, "వినుదట జీవుల మాటలు" పద్యం రెండూ ఉన్నాయో లేదో, లేకపోతే అది వేరే పుస్తకం, పక్కదాన్ని అడగండి. రెండోది, పేజీలు లెక్కపెట్టుకోండి. మా పిన్ని కోసం మళ్లీ ఒకటి కొంటే అందులో 33 నుంచి 36 దాకా రెండుసార్లు వచ్చి 29 నుంచి 32 ఎగిరిపోయాయి, కొట్టాయన మాత్రం ఏమీ అనకుండా మార్చి ఇచ్చాడు.